బస్సు వాసన

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో కోస్తా బస్సులు ఆగే చోట నన్ను చిప్పలామె అంటారు. నా పేరు ఎలీశమ్మ. శనివారం తెల్లారేసరికి అక్కడ నిలబడి ఆలుచిప్పల బస్తా దించుకుంటాను కనుక ఆ పేరు వచ్చింది. నిజానికి ఆ చిప్పలు నావి కావు, అమ్మాజీవి. మన్సూరాబాద్ పోయే దారిలో అమ్మాజీ మెస్ అంటే చాలామందికి తెలుసు. ముందు రేకుల వసారా, వెనక వంటిల్లు, ఆ వెనక ఖాళీ ప్లాటు. నా భర్త యేసుదాసు సెంట్రింగు పనిచేసేవాడు. ఆయన పోయాక గిన్నెలు కడగడానికి అక్కడ చేరాను. ఇప్పుడు గిన్నెలు కడగడానికి వేరే మనిషి ఉంది. నేను అమ్మాజీ పక్కన నిలబడి వంట చేస్తాను. మాకు చుట్టరికం లేదు. ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం.

అమ్మాజీది సముద్రం పక్కన బొండాయిపాలెం. ఊరి అంచున ఉప్పుకాలువ ఉంది. ఆటు వేళ నీళ్లు వెనక్కి పోయినప్పుడు చెట్ల వేళ్లకీ రాళ్లకీ అంటుకుని ఆలుచిప్పలు బయటపడతాయి. వాళ్ల తమ్ముడు రాజు వాటిని ఊడదీసి, తడి గోనెసంచిలో కట్టి బస్సెక్కిస్తాడు. నీళ్లలోంచి తీయగానే చిప్ప గట్టిగా మూసుకుంటుంది. మూసుకుని ఉన్నంతసేపూ లోపలిది బతికి ఉన్నట్టే. దారిలో నోరు తెరిచిన దాన్ని మేము వండం, పారేస్తాం. మిగతావి కడిగి, కత్తి మొనతో విప్పి, లోపలి మెత్తటి మాంసాన్ని చింతచిగురుతో ఇగురు పెడుతుంది అమ్మాజీ. ఆదివారం దాని కోసం దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల నుంచి కోస్తా పిల్లలు వస్తారు. మా చర్చి వాళ్లు ఆరాధన కాగానే వస్తారు. మా తెలంగాణ వాళ్లు మొదట్లో ఆ గిన్నె వంక అనుమానంగా చూసేవాళ్లు. ఇప్పుడు వాళ్లే ముందు కూర్చుంటున్నారు.

ఒక సంగతి మా ఇద్దరికే తెలుసు. కరోనా వచ్చి తగ్గాక అమ్మాజీకి వాసన తెలియకుండా పోయింది. నాలుక మీద ఉప్పూ పులుపూ తెలుస్తాయి, ముక్కుకి మాత్రం ఏదీ అందదు. ఆవిడ మూత తీస్తుంది, నేను వంగి వాసన చూసి చెబుతాను. అల్లం వేగిందా, చేప తాజాదేనా, పులుసు మాడిందా అన్నవన్నీ నా పని. బస్తా వచ్చినప్పుడు మొదట నేనే వాసన చూస్తాను. అది ఎప్పుడూ కొంచెం డీజిలు కంపు కొడుతూనే వస్తుంది. రాత్రంతా బస్సు డిక్కీలో టైర్ల పక్కన పడుకుని వచ్చేదానికి మల్లెపూల వాసన ఎక్కడిది. "బస్సు వాసన, ఎండకు పోతది" అని నేను అంటాను, అమ్మాజీ కడగడం మొదలుపెడుతుంది. ఎన్నో శనివారాలు అలాగే గడిచాయి.

మృగశిర ఇంకా వారముందనగా వచ్చిన శనివారం మాత్రం బస్తా కిందికి దిగకముందే వాసన నన్ను తాకింది.

బస్సుల వాళ్ల పార్సిళ్లు చూసేది మధుకర్. పోచంపల్లి దిక్కు చేనేత కుటుంబం వాళ్లది. నాన్న బ్రహ్మం దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల కొట్లో పనిచేస్తాడు. పిల్లవాడు మంచివాడే కానీ నోరు ఊరుకోదు.

"ఏంది పెద్దమ్మా, ఇయ్యాల ముక్కు మూసుకున్నవ్? అత్తరు పూసుకొచ్చిన గాని నేను" అన్నాడు.

"ఏం పోసినవ్ ర నా బస్తా మీద?"

"నేనేం పోస్త? కట్టిన బస్తా కట్టినట్టే ఉంది."

"డీజిల్ డబ్బా పక్కన పెట్టిండ్రు. సాఫ్ తెలుస్తున్నది."

"డబ్బా లేదు గిబ్బా లేదు. డిక్కీల చూస్కో."

చూశాను. మామిడిపళ్ల బుట్టలు, ఎవరిదో పరుపు, పూల మూటలు ఉన్నాయి. డబ్బా కనబడలేదు. కనబడకపోయినా నాకు అనుమానం పోలేదు, ఎందుకంటే ఆ వాసనకి నేను పెట్టుకున్న పేరు ఒకటే ఉంది.

"దాచిండ్రు" అన్నాను. "గిన్నేండ్ల సంది మీ బస్సును నమ్ముకుంటి. రేపు ఇయ్యి ఎవరికి పెట్టాలె? పిల్లలు తినే కూడు ఇది. అయ్యా, వినుండ్రి, ఎవ్వరు సుత ఈ బస్సుల తినేటియి పంపకుండ్రి."

నా గొంతు చిన్నది కాదు. టీ బండి దగ్గర వాళ్లు, ఆటోల వాళ్లు, విజయవాడ బస్సు కోసం మూటలతో నిలబడ్డవాళ్లు అందరూ ఇటు తిరిగారు. పూలమ్మే లింగమ్మ తన మూట విప్పి మల్లెలు వాసన చూసుకుంది. ఒక ఆటో అతను బస్తా దగ్గరకి వచ్చి, తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"అన్నా, రేపు అమ్మాజీ మెస్‌ల తిన్నోడు బీడీ ముట్టించకుంటే మంచిది" అన్నాడు. "అగ్గిపుల్ల గీస్తే మనిషే అంటుకుంటడు."

అందరూ నవ్వారు. మధుకర్ నవ్వలేదు. బస్తా నేను మాట్లాడుకున్న ఆటోలో పెట్టి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

మెస్‌లో అమ్మాజీ బ్రష్షులు, కత్తులు సిద్ధం చేసి కూర్చుంది. జరిగింది చెప్పాను.

"దానికంత గోలెందుకొదినా? రెండు నీళ్లు ఎక్కువ పోద్దాం" అంది.

రెండు కాదు, లెక్కలేనన్ని నీళ్లు పోశాం. చింతపండు రసంతో రుద్దాం. నిమ్మచెక్కలతో రుద్దాం. కడిగిన చిప్పలు రాళ్లలాగా శుభ్రంగా ఉన్నాయి, గట్టిగా మూసుకుని ఉన్నాయి. అమ్మాజీ ఒకటి విప్పి నా ముక్కు దగ్గర పెట్టింది.

"బస్సు వాసనే" అన్నాను.

ఇంకొకటి విప్పింది.

"బయటదా, లోపలిదా?"

"లోపలిదే ఎక్కువున్నది."

అమ్మాజీ కత్తి కింద పెట్టింది. విప్పని చిప్ప ఒకటి చేతిలోకి తీసుకుంది.

"వదినా, నోరు మూసుకున్న చిప్పలోకి బస్సెలా దూరిందే?"

బస్సెక్కాక చిప్ప ఏమీ తాగదు. తాగిందంటే కాలువలోనే తాగింది. ఆ మాట ఇద్దరికీ ఒక్కసారే తట్టింది.

రాజుకి ఫోన్ కలపడానికి చాలాసేపు పట్టింది. కలిసేసరికి వాడి వెనక జనం అరుపులు వినబడుతున్నాయి.

"అక్కా, ఆ బస్తా తెరవొద్దే. నీకు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. మొన్న రాత్రి ఎక్కడో ఓడలోంచి నూనె కారిందంట. ఇవాళ పొద్దున పోటుతో మొత్తం కాలువలోకి వచ్చేసింది. గట్టంతా నల్లగా ఉంది."

"నువ్వు నిన్న సాయంత్రం కదరా ఏరింది?"

"ఆయ్, నిన్న సాయంత్రమే. అప్పటికే నీళ్ల మీద పల్చగా మెరుస్తుంటే పడవ ఇంజనుదేమో అనుకున్నానే. రోజూ ఉండేదే కదా."

అక్కడ వాడు పడవ ఇంజను అనుకున్నాడు, ఇక్కడ నేను బస్సు అనుకున్నాను. నూనె వాసనకి అలవాటు పడ్డవాళ్లం కదా, అసలైన నూనె వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టలేదు.

బస్తా మొత్తం వెనక ఖాళీ ప్లాటులో పూడ్చిపెట్టాం. చెత్తబండిలో వేస్తే ఎవరైనా ఏరుకుని తింటారని అమ్మాజీ భయం. గొయ్యి లోతుగా తవ్వాం, పైన సున్నం చల్లాం. మట్టి వేసే ముందు ఆవిడ కొంచెం ఆగింది.

"బతికే ఉన్నాయి పాపం" అంది. తరవాత మట్టి లాగింది.

ఆదివారం వచ్చినవాళ్లకి చిప్పలు రాలేదని చెప్పి, చేపల పులుసు పెట్టాం. అసలు సంగతి చెబుదామని నేను అంటే అమ్మాజీ ఒప్పుకోలేదు.

"నూనె అనే మాట మన నోట్లోంచి రాకూడదొదినా. మనం పారేశామని ఎవరూ వినరు. నూనె అనేది ఒక్కటే వింటారు."

ఆవిడ చెప్పకపోయినా టీవీ చెప్పింది. నల్లబడ్డ కొంగని, గట్టు మీద తువ్వాళ్లు కట్టుకుని నిలబడ్డ మనుషులని పదే పదే చూపించారు. ఏ ఊరి చేప అయినా ఆలోచించి తినమని ఎవరో పెద్దమనిషి అన్నాడు. ఆ మాటకి చౌరస్తాలో నేను వేసిన కేక తోడయింది. ఆ రోజు బస్తా కంపు కొట్టిందని అక్కడున్నవాళ్లందరికీ తెలుసు. మరునాడు ఆదివారం మెస్ తెరిచి ఉందనీ తెలుసు. రెండూ కలిపి, ఆ చిప్పలు మేము వండి పెట్టామని వాళ్లే అనుకున్నారు. ఆటో అతని హాస్యం బస్సుల కంటే వేగంగా తిరిగింది. మా మెస్‌కి అగ్గిపుల్ల మెస్ అని పేరు పడింది.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకి చదివే గౌతమ్ అమ్మాజీకి ఫోన్ చేశాడు. ఆ పిల్లవాడిది అమలాపురం దగ్గర. ఏ ఆదివారమూ మానేవాడు కాదు.

"ఆంటీ, పోయిన ఆదివారం మేము తిన్నది బోచె పులుసేనా అండి?"

"బోచె పులుసే నాన్నా. చెరువు చేప."

"చెరువుదేనా అండి? అంటే నాకేం అనుమానం కాదు. మా రూమ్మేటుకి కడుపు నొప్పి అంటేను."

"మీ రూమ్మేటు ఎప్పుడు వచ్చాడు మెస్‌కి?"

"రాలేదనుకోండి" అన్నాడు.

అమ్మాజీ ఫోన్ పెట్టేసి నవ్వింది, కానీ ఆ మధ్యాహ్నం వండిన అన్నంలో సగం మిగిలింది. మర్నాడు ఇంకా ఎక్కువ మిగిలింది. చెరువు చేప పెట్టినా, కోడి కూర పెట్టినా ఎవరూ రావడం లేదు. పక్క వీధి హాస్టల్ యజమాని ఒకసారి వచ్చి, వంటమనిషి మానేసింది, నువ్వు వస్తావా అని ఆవిడని అడిగి పోయాడు. వేళకి జీతం, గది ఇస్తాడట. రోజూ ఉప్మా, సాంబారు, ఆదివారం కోడిగుడ్డు.

"వెళ్తానొదినా. మృగశిర చూసి వెళ్తాను" అంది అమ్మాజీ. "ఆ రోజు కూడా జనం రాకపోతే ఇంక ఎప్పుడూ రారు. బల్లలు అమ్మేసి తాళం ఇచ్చేస్తాను."

"ఉప్మా వండుకుంట బతుకుతవా నువ్వు?"

"సాంబారుకి ఏం వాసన చూడాలి చెప్పు. నాకు సరిపోయిన ఉద్యోగం."

హాస్యానికి అన్నది కానీ కళ్లలో హాస్యం లేదు.

మా దిక్కు మిర్గం అనే మృగశిర కార్తె రోజున చేప తినని ఇల్లు ఉండదు. ఎండలు పోయి వానలు మొదలయ్యే రోజు, ఒంటికి వేడి కావాలని తింటారు. కులం, మతం ఏదైనా సరే, ఆ రోజు మెస్ ముందు వరుస కడతారు. మా ఊరి చెరువులో చేపలు పట్టే మట్టయ్య కొరమీనులని బతికుండగానే నీళ్ల డ్రమ్ములో వేసి ట్రాలీ ఆటోలో తెస్తాడు. ఈసారి కూడా ఫోన్ చేశాడు.

"ఎలీశమ్మా, ఎన్ని తేవాలె? లేకుంటే తేవద్దా? ఈడ సుత నూనె ముచ్చటే నడుస్తున్నది."

అమ్మాజీ వంటింట్లో ఉంది. అడిగితే వద్దంటుందని నాకు తెలుసు.

"ఎప్పటి లెక్కనే తే" అన్నాను.

ఫోన్ పెట్టేశాక లెక్క వేసుకున్నాను. అన్ని చేపలు ఎవరు తింటారు? ఆ చౌరస్తాలో నేనే కదా అందరినీ భయపెట్టింది. అప్పుడు మధుకర్ గుర్తొచ్చాడు. ఆ రోజు నుంచి ఆ పిల్లవాడి ముఖం చూడలేదు.

సాయంత్రం వాళ్ల కౌంటర్ దగ్గరికి వెళ్లాను. నన్ను చూసి కూడా చూడనట్టు పార్సిళ్ల మీద పేర్లు రాసుకుంటున్నాడు. పార్సిళ్లు ఎక్కువ లేవు.

"మధుకరూ."

"పార్సిలా? మా బస్సు కంపు కొడ్తది. వేరే బస్సు చూస్కో."

"నా తప్పయింది బిడ్డా. ఆ వాసన మీ బస్సుది గాదు. కాలువలనే నూనె కలిసింది. నాకు తెల్వక అన్న."

అతను కలం పక్కన పెట్టాడు.

"లింగమ్మక్క పూలు వేరే బస్సుల తెప్పిస్తున్నది. మామిడిపండ్లాయన గట్లనే పోయిండు. మా ఓనరు నన్ను డ్రైవర్ల ముంగట నిలబెట్టి డిక్కీ కడిగిపిచ్చిండు. కడిగితే ఏమున్నది, నీళ్లు నీళ్లోలెనే ఒచ్చినయ్."

"అందుకనే ఒచ్చిన. మాఫ్ చెయ్యి."

"చేస్త గని పెద్దమ్మా, నువ్వు నా చెవుల చెప్తే ఎవరికి ఇనవడ్తది? గప్పుడు ఎంత గట్టిగ అన్నవో, గంత గట్టిగ చెప్పు. గాడనే నిలవడి చెప్పు. గా జనమే ఉండాలె."

అది న్యాయమైన మాట. కానీ అక్కడ నిలబడి చెప్పాలంటే బస్తా సంగతి మొత్తం చెప్పాలి. నూనె అనే మాట నా నోటితో అనాలి. అమ్మాజీ వద్దన్నది అదే. రాత్రి ప్రార్థన చేసుకుని పడుకున్నాను. ఆవిడకి చెప్పకుండానే తెల్లవారి లేచి వెళ్లాను.

కోస్తా బస్సు వచ్చి ఆగింది. మనుషులు దిగుతున్నారు. టీ బండి దగ్గర అవే ముఖాలు. లింగమ్మ పూలు సర్దుకుంటోంది. ఆ ఆటో అతను కూడా ఉన్నాడు. మధుకర్ బస్సు తలుపుకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను రోడ్డు పక్కన గట్టు ఎక్కాను.

నలుగురి ముందు లేచి మాట్లాడటం నాకు చర్చిలోనే అలవాటు. నెలకొకసారైనా లేచి సాక్ష్యం చెబుతాను. ఆ అలవాటు కొద్దీ నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ప్రభువునందు ప్రియులైన మీకందరికీ నా వందనములు."

"పొద్దుగాలనే ప్రార్థన కూటం పెట్టిండ్రు" అన్నాడెవరో. ఇద్దరు ముగ్గురు టీ గ్లాసులు తీసుకుని అవతలికి జరిగారు.

"ప్రార్థన గాదయ్యా, ఆగుండ్రి" అన్నాను. "గా శనివారం ఈడ నిలవడి మధుకర్ బస్సు డీజిల్ కంపు కొడ్తుందని ఒర్లిన. అది అబద్ధం. ఆ పిలగాడు ఏం చెయ్యలే, బస్సు ఏం చెయ్యలే. సముద్రంల ఓడ నూనె కారితే గా కాలువల చిప్పలు తాగినయ్. నాకు తెల్వక బస్సు మీద పెట్టిన."

లింగమ్మ పూల తట్ట కింద పెట్టింది.

"మరి నూనె తాగిన చిప్పలు మీరు జనానికి పెట్టిండ్రా?"

"ఒక్కటి సుత పెట్టలే. రెండు కోసి చూసి, బస్తాకు బస్తా బొంద తీసి పూడ్చినం. మెస్ ఎనక ఉంది, కావాలంటే తవ్వి చూస్కోండ్రి. ఆదివారం పెట్టింది చెరువు బోచె. అమ్మాజీకి చిప్పలు అమ్ముడే బతుకు. అయినా పూడ్చింది."

"గీ ముచ్చట అప్పుడే చెప్పొద్దా? జనం తిన్నరనే మేము అనుకుంటిమి గదా" అంది లింగమ్మ.

"భయపడి చెప్పలే."

ఆటో అతను గొంతు సవరించుకున్నాడు.

"అయితే అగ్గిపుల్ల మెస్ గాదన్నట్టు."

"నువ్వు ముందు నీ ఆటో పొగ చూస్కో" అన్నాడు మధుకర్. అప్పుడు నవ్వారు అందరూ. ఈసారి మధుకర్ కూడా నవ్వాడు. నేను గట్టు దిగుతుంటే చెయ్యి అందించాడు.

"గప్పటికంటే గట్టిగ అన్నవ్ పెద్దమ్మా" అన్నాడు. "మా బాపుకు మిర్గం నాడు కొరమీను లేకపోతే ముద్ద దిగది. రేపు తోల్కొస్త."

మెస్‌కి వచ్చి అమ్మాజీకి మొత్తం చెప్పేశాను. మట్టయ్యకి చేపలు తెమ్మన్నది కూడా. ఆవిడ పొయ్యి మంట తగ్గించి నా వంక తిరిగింది.

"నడి చౌరస్తాలో నూనె అన్నావా?"

"అన్న."

"గొయ్యి తవ్వి చూసుకోమన్నావా?"

"అన్న."

"వస్తే తవ్విస్తావా ఏంటి? అంతా సున్నమే" అంది. కోపమో నవ్వో నాకు అర్థం కాలేదు. కాసేపయ్యాక అటు తిరిగి, "అన్ని కొరమీనులకి చింతపండు ఉందో లేదో చూడు" అంది.

మృగశిర నాడు మట్టయ్య పొద్దున్నే డ్రమ్ము దించాడు. కొరమీనులు తోకలతో కొడుతుంటే వసారా అంతా తడిసింది. పదకొండు దాకా ఎవరూ రాలేదు. అమ్మాజీ పులుసు దించి, వేపుడుకి పెనం పెట్టి, గుమ్మం వైపు చూడకుండా పనిచేస్తోంది. నేను మాత్రం గుమ్మం వైపే చూస్తున్నాను.

ముందు మధుకర్ వచ్చాడు, వెనకాల తెల్ల చొక్కా వేసుకుని వాళ్ల నాన్న బ్రహ్మం. రోడ్డు మీదికి కనబడే బల్ల చూసుకుని కూర్చున్నారు. లోపల పంకా కింద కూర్చోమంటే మధుకర్ వద్దన్నాడు.

"ఈడనే కూసుంటం. చూసేటోళ్లు చూడని."

బ్రహ్మం మాట్లాడే మనిషి కాదు. ముద్ద కలిపి, ముల్లు తీసి, నెమ్మదిగా తిన్నాడు. దారిన పోయే ఒకరిద్దరు నిలబడి చూశారు. ఆయన తల ఎత్తకుండానే, "తలకాయ ముక్క ఉంటె ఎయ్యుండ్రి" అన్నాడు. అమ్మాజీ పరుగున పోయి తెచ్చింది.

ఆటో అతను ఆటో అక్కడే ఆపి కూర్చున్నాడు. లింగమ్మ కోడలితో వచ్చింది. చర్చి వాళ్లు కొందరు వచ్చారు. గౌతమ్ ఇద్దరు స్నేహితులని వెంటబెట్టుకుని వచ్చాడు.

"కడుపు నొప్పి వచ్చిన రూమ్మేటు వీళ్లలో ఎవరు నాన్నా?" అంది అమ్మాజీ వడ్డిస్తూ.

"తగ్గిపోయింది ఆంటీ" అన్నాడు, ఆకు మీదికి వంగి.

వేరే ఏళ్లలో ఉండేంత వరుస లేదు. రోడ్డు మీద నిలబడి ఎదురుచూసినవాళ్లు లేరు. కానీ బల్ల ఖాళీ కాగానే ఇంకెవరో ఒకరు కూర్చున్నారు. మధ్యాహ్నం సన్నగా వాన పడింది. రేకుల మీద చప్పుడుకి మాటలు వినబడక అందరూ గట్టిగా మాట్లాడుకుంటూ తిన్నారు. డ్రమ్ములో ఒకే ఒక్క చేప మిగిలింది. దాన్ని మట్టయ్యే, నేను కూడా మిర్గం చేసుకోవద్దా అంటూ వండించుకు తిన్నాడు. హాస్టల్ యజమాని సాయంత్రం వచ్చాడు. అమ్మాజీ ఆయనకి పులుసు గిన్నెలో పోసి ఇచ్చి, వేరే మనిషిని చూసుకోమంది. ఆయన గిన్నె తీసుకుని ఇంకేమీ అనకుండా వెళ్లాడు.

రాజు రెండు రోజులకోసారి ఫోన్ చేస్తున్నాడు. నూనె పట్టిన నాచు, గడ్డి ఎత్తే పనికి ఊళ్లో వాళ్లని పిలిచారట. కాలువ మూసేశారు, చిప్పలు తీయడానికి వీల్లేదు. మళ్లీ ఎప్పుడు తీయొచ్చో అధికారులకీ తెలియదు. ఏడాదైనా పట్టొచ్చంటున్నారు. రాళ్లకి చిన్న చిప్పలు మళ్లీ పట్టాలి, పెరగాలి, నీళ్లు పరీక్ష చేయాలి. నగరంలో కొన్ని చోట్ల ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన చిప్పలు దొరుకుతాయి, ఎక్కడివో తెలియదు, ఎవరికీ తేడా తెలియదు అని ఒక వ్యాపారి మెస్‌కి వచ్చి చెప్పాడు. ఎవరికీ తెలియకపోయినా, ఎక్కడివో తెలియనివి పెట్టానని నాకు తెలుస్తుంది కదా అంది అమ్మాజీ.

జూన్ చివర్లో రాజు తనే వచ్చాడు, మధుకర్ బస్సులో, ఒక సంచితో. ఎత్తే పని అయిపోయింది, అక్కడ చేయడానికి ఏమీ లేదు. కాలువ బాగయ్యేదాకా మెస్‌లో ఉంటానన్నాడు. చేపలు శుభ్రం చేయడంలో మా ఇద్దరికంటే చెయ్యి వేగం. అయితే చెరువు చేప అంటే వాడికి లెక్కలేదు. కొరమీనుని తోక పట్టుకుని ఎత్తి, ఇదేం చేపే అక్కా, పాములా ఉంది అన్నాడు.

ఒక ఆదివారం వాడికి పులుసు అప్పగించింది అమ్మాజీ. పచ్చి మామిడికాయ ముక్కలు వేసి వాళ్ల ఊరి పద్ధతిలో పెట్టాడు. బ్రహ్మం మిర్గం నాటి నుంచీ కూర్చునే బల్ల దగ్గరే కూర్చుని రెండు ముద్దలు తిన్నాడు. ఆ రోజు మాత్రం మాట్లాడాడు.

"కొరమీనుకు మామిడికాయ ఎవలు చెప్పిండ్రు బిడ్డా నీకు?"

"మా ఊళ్లో అలాగే వేస్తారండి."

"మీ ఊర్ల కొరమీను దొరకదు గదా."

"ఆయ్, దొరకదండి."

"మరి?"

రాజు గరిటె పట్టుకుని నిలబడి ఆలోచించాడు. పక్క బల్ల మీద గౌతమ్ మామిడికాయే బాగుందన్నాడు. లింగమ్మ చింతపండు ఉండాల్సిందేనంది. ఆటో అతను లోపలికి వస్తూనే దేని గురించి తగువో తెలియకుండానే లింగమ్మ పక్షం తీసుకున్నాడు. అమ్మాజీ వంటింట్లోంచి బయటికి వచ్చి, గుమ్మానికి ఆనుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ అందరి వంకా చూసింది. బ్రహ్మం ఈలోగా ఆకు ఖాళీ చేసి, "ఇంకింత ఎయ్యి. మామిడికాయ పక్కకు పెట్టి" అన్నాడు.

రాజు మామిడికాయతో సహా వేశాడు. ఆయన తిన్నాడు. నేను అన్నం గిన్నె తీసుకుని పక్క బల్లకి వెళ్లాను.